ఇంటికి ఒక్క బుగ్గ

వికారాబాదులో మా చిన్నోడు ఇల్లు కడుతున్నాడు. గోడలు లేచాయి, గిలాబు, అంటే సిమెంటు పూత, ఇంకా కాలేదు. మొన్న కరెంటు పనివాళ్ళు వచ్చి సుద్దముక్కతో గోడల నిండా గుర్తులు పెట్టారు. ఇక్కడ ఫ్యాను, ఇక్కడ ఏసీ, ఇక్కడ టీవీ, ఇక్కడ ఫోను పెట్టుకోవడానికి. మంచం తలవైపు రెండు, కాళ్ళవైపు ఒకటి. మా కోడలు వాళ్ళ వెంట తిరుగుతూ, "ఇంకొకటి ఉండనీయండి, ఎందుకైనా మంచిది" అంటూనే ఉంది. చివరికి నాకని అనుకున్న గదిలోకి వచ్చి, "అత్తమ్మా, మీకెన్ని పాయింట్లు కావాలి?" అని అడిగింది. నాకు నవ్వాగలేదు. "ఒక్కటి చాలు. అది ఎక్కడ పెట్టాలో మూడు రోజులు కొట్లాడుకుందాం" అన్నాను. పనివాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు. ముసలిదానికి చాదస్తం అనుకుని, వాళ్ళకు తోచినన్ని గుర్తులు పెట్టుకుని పక్కగదిలోకి పోయారు.

కొట్లాట నిజంగానే జరిగింది. తాండూరులో మా ఇంటికి మొట్టమొదట రావలసింది ఒక్క బుగ్గ. బల్బును మా వైపు బుగ్గ అనేవాళ్ళం. ఇంటికి ఒక్కటే ఇస్తామని, అది ఎక్కడ పెట్టుకుంటారో మీ ఇష్టమని కరెంటు ఆఫీసు మనిషి చెప్పిపోయాడు. రజాకార్ల భయం పోయి, పెద్దవాళ్ళు ఆ కథలు అరుగుల మీద కూర్చుని తీరిగ్గా చెప్పుకునే రోజులవి. నాకు ఎనిమిదేళ్ళో తొమ్మిదేళ్ళో ఉంటాయి. పుట్టిన రోజు ఎవరూ రాసిపెట్టలేదు కాబట్టి ఏది అనుకున్నా చెల్లుతుంది.

మా ఇల్లు ముందునుంచి చూస్తే ఒక ఇల్లు, వెనకనుంచి చూస్తే ఇంకో ఇల్లు. ముందు భాగం మా తాత కట్టించింది. అంతా చెక్కిన బండ. గోడలు బండ, నేల బండ, అరుగు బండ, చివరికి తాత స్నానం చేసే పీట కూడా బండే. తాండూరులో బండకు కరువా? వెనక వంటిల్లు మాత్రం ముత్తాత నాటి మట్టిగోడలది. తాత ఓపిక అక్కడిదాకా రాలేదు. ఎవరు వచ్చినా అరుగుమీద కూర్చోబెట్టి, గోడను అరచేత్తో చరిచి, "ఫిరంగి గుండు తగిలితే గుండే పలుగుతది, గోడకేం గాదు" అనేవాడు. వంటింటి వైపు ఎవరినీ తీసుకుపోయేవాడు కాదు.

పొద్దు వాలుతోందంటే నాకు పని. ఇంట్లో రెండు కందీళ్ళు, ఒకటి అరుగుమీద తాతకు, ఒకటి నడింట్లో నాయినకూ చిన్నాయినకూ. వాటి గాజులను పొయ్యిలోని బూడిదతో తోమి, పాత ధోవతి పేలికతో తుడవాలి. నా చెయ్యి సన్నది కాబట్టి గాజులో పూర్తిగా దూరేది. అది నా గొప్ప. వంటింటికి కందీలు లేదు, గాజులేని బుడ్డి ఉండేది. మందు సీసా మూతకు చిల్లు పొడిచి, అందులో ఒత్తి దూర్చి, గ్యాసునూనె పోస్తే బుడ్డి అయిపోయేది. దానికి వెలుగు తక్కువ, పొగ ఎక్కువ. ఇప్పటికీ ఎక్కడైనా కిరసనాయిలు వాసన తగిలితే నా నోట్లో జొన్నరొట్టె, పచ్చిపులుసు రుచి వస్తుంది. రెండూ కలిపే కదా తిన్నాం.

ఆ ఇంట్లో నాకూ అమ్మకూ తప్ప ఎవరికీ తెలియని సంగతి ఒకటుంది. పొద్దు గూకితే అమ్మకు కళ్ళు కనబడేవి కావు.

పగలు ఏ బాధా లేదు. చేటెడు కందిపప్పులో నలుసంత మట్టిబెడ్డ ఉంటే కూర్చున్న చోటునుంచే చూపించేది. సూర్యుడు దిగడం మొదలైతే మాత్రం అమ్మ గొంతు మారిపోయేది. "బిడ్డా, జర ఇట్ల రా" అని పిలిచేది. నేను పక్కన నిలబడితే నా భుజంమీద చెయ్యి వేసేది. తమ్ముడు కడుపులో ఉన్నప్పుడు ఇలాగే అయి, వాడు పుట్టాక తగ్గిపోయిందట. ఇప్పుడు మళ్ళీ నీళ్ళోసుకుంది, మళ్ళీ మొదలైంది. "ఎవ్వరితోని అనకు బిడ్డా. నా మీద ఒట్టు" అంది. నేను తలమీద చెయ్యి పెట్టి ఒట్టేశాను.

అమ్మ భయం ఊరికే పుట్టలేదు. మా వీధిలోనే ఒక కోడలికి రేచీకటి అని తెలిశాక, అత్తగారు పెట్టె సర్ది పుట్టింటికి పంపించింది. ఆర్నెల్లు తిరక్కుండా కొడుక్కి ఇంకో పెళ్ళి చేసింది. ఆమె పెట్టెను బండిలో పెడుతున్నప్పుడు అమ్మ మా దర్వాజ చాటున నిలబడి చూసింది. నేను అమ్మ పక్కనే ఉన్నాను. బండి మలుపు తిరిగేదాకా అమ్మ నా చెయ్యి వదల్లేదు.

ఇక అప్పటినుంచి సాయంకాలమైతే నేనే అమ్మకు కళ్ళు. ఆమె చెయ్యి నా భుజంమీద ఉంటే చూసేవాళ్ళకు ముద్దులాగా కనిపించేది. "గిదేం పిల్లనే, తల్లికి తోక లెక్క" అని సెలవులకు వచ్చినప్పుడల్లా చిన్నాయిన ఎగతాళి చేసేవాడు. తర్వాత నన్ను పేరుపెట్టి పిలవడమే మానేసి 'తోకా' అనేవాడు. ఒకరోజు అన్నాల దగ్గర నేను రెండడుగులు వెనకబడ్డాను. అమ్మ తాత పళ్ళెం పక్కన బండమీద నిండు గరిటెడు పప్పు పోసింది. తాత తలెత్తాడు. నాయిన తలెత్తాడు. గోడ దగ్గర కూర్చున్న నాయినమ్మ కూడా తలెత్తింది. "నేనే మోచెయ్యి గుంజిన!" అని అరిచాను. నాయిన మొట్టికాయ వేశాడు. ఆ రాత్రి నుంచి నా రొట్టెమీద నెయ్యి ఎక్కువ పడేది. దొంగసాక్ష్యానికి కూలి బాగానే గిట్టిందని చెప్పాలి.

ఆ చలికాలంలోనే మోమిన్‌పేట వైపు మా అమ్మమ్మగారి ఊళ్ళో మేనమామ కొడుక్కి పుట్టువెంట్రుకలు తీశారు. తిరిగొచ్చేటప్పుడు ఎడ్లబండిలో వికారాబాదు దాకా వచ్చి రైలెక్కాలి. స్టేషను చేరేసరికి చీకటి పడింది. అమ్మ నా భుజం పట్టుకుని, చంకలో తమ్ముడితో, ఒక్కొక్క అడుగే వేస్తూ ప్లాట్‌ఫారమ్మీదికి వచ్చింది. అక్కడ స్తంభాలకు కరెంటు బుగ్గలు వేలాడుతున్నాయి. వాటి చుట్టూ పురుగులు, వాటి కింద మూటలమీద కూర్చున్న మనుషులు, పల్లీలు అమ్మేవాడి కేకలు. మధ్యలోకి రాగానే నా భుజం తేలికైంది. తిరిగి చూస్తే అమ్మ లేదు. తమ్ముణ్ణి మూటమీద కూర్చోబెట్టి, చెంబు పట్టుకుని, మనుషుల మధ్యనుంచి తప్పుకుంటూ ఒక్కతే నల్లా దగ్గరికి నడిచిపోతోంది. నీళ్ళు పట్టుకుని వచ్చి, "ఏందే గట్ల చూస్తున్నవ్?" అని నవ్వింది. ఆ బుగ్గ కింద అమ్మకు చీకటి లేదు. నాకు కావలసిందేమిటో ఆ నిమిషంలో తెలిసిపోయింది.

తాండూరుకు కరెంటు స్తంభాలు రైలులోనే వచ్చాయి. వాటిని పాతడానికి వచ్చినవాళ్ళు బయటి మనుషులు. గడ్డపారలతో రెండు మూరలు తవ్వారు, కింద బండ తగిలింది. పక్కన తవ్వారు, అక్కడా బండే. సాయంత్రానికి గడ్డపారలు వంగాయి కానీ గుంత కాలేదు. ఊరంతా చుట్టూ చేరి నవ్వింది. చివరికి బండల గనులనుంచి రాళ్ళు కొట్టేవాళ్ళను పిలిపించారు. వాళ్ళు కన్నడం, తెలుగు కలిపి మాట్లాడుకుంటూ, ఉలితో సందులు చేసి, పొరలు పొరలుగా బండలు లేపి పక్కన పేర్చారు. ఆ బండలు తెల్లవారేసరికి మాయమయ్యేవి. మా వీధిలో చాలా గడపలు, రెండు తులసి గద్దెలు, ఒక కుడితి తొట్టి మూత ఆ కరెంటు గుంతలనుంచి వచ్చినవే. మా పెరట్లో బట్టలు ఉతికే బండ ఎక్కడిదని నన్నడక్కండి.

అరుగుమీద రోజూ అదే ముచ్చట. తీగల కింద నిలబడ్డ బర్రెలు పాలివ్వవని ఒకరు, వానలు పడవని ఒకరు. బడిపంతులు ఒకాయన సాయంత్రం తాత దగ్గరికి వచ్చి పేపరు చదివి వినిపించేవాడు. నాయినమ్మ దర్వాజ లోపల కూర్చుని కందికాయలు ఒలుస్తూ వినేది. లేత కందికాయలు ఉప్పేసి ఉడకబెడితే ఆ వాసనకు పంతులు ఇంకో వార్త ఎక్కువ చదివేవాడు.

"పటేలా, దూరదేశాలల్ల కరెంటు తోని వంట జేస్తరట, బట్టలు ఉతుకుతరట. మనిషి ఊకె నిలబడితె చాలు, మేడమీదికి అదే ఎత్తుకపోతదట" అన్నాడు పంతులు ఒకరోజు.

"ఎందుకు? వాళ్ళకు కాళ్ళు లేవా?" అంది లోపల్నుంచి నాయినమ్మ.

"రాత్రిపూట గూడ ఊర్లన్ని పట్టపగలు లెక్కనే ఉంటయట."

"మరి మనుషులు పండుకునేదెప్పుడు?"

పంతులు నవ్వి, "ఎంత ఎక్కువ వాడితె గంత గొప్ప దేశమని రాసిండ్రు. చూస్తుండుండ్రి, రేపు మన ఇండ్లల్ల గూడ ఒక్క బుగ్గ సాలది" అన్నాడు.

తాత పడీపడీ నవ్వాడు. "ఒక్క ఇంటికి రెండు బుగ్గలెందుకయ్య, పెండ్లా?"

నాయినమ్మకు అసలు బుగ్గే వద్దు. "నూనె లేదు, ఒత్తి లేదు. ఏం తిని మండుతదది? మన పాణం తింటదా?" అనేది. పెట్టుకుంటే వీధిలో పెట్టుకోండి, నా దేవుడి దగ్గరికి తేవద్దు అని తేల్చేసింది. తాతకు అరుగుమీదే కావాలి. పదిమందికి కనబడకపోతే వెలుగెందుకు? నాయినకు కంది బస్తాలు దిగే నడింట్లో కావాలి. హైదరాబాదులో చదువుకునే చిన్నాయిన సెలవులకు వచ్చి, తన అర్రలో పెడితే చదువుకుంటానన్నాడు. వాడు చదివే చదువుకు బుడ్డి కూడా ఎక్కువే అని తాత అన్నాడు. మూడు రోజులు అదే వాదన. వంటిల్లు అన్న మాట ఎవరి నోటా రాలేదు. అమ్మను ఎవరూ అడగలేదు, అమ్మా నోరు విప్పలేదు. వంటింట్లో ఎందుకు అని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలి?

తాత మాటే నెగ్గింది. పట్నంనుంచి తెప్పించిన బుగ్గను అట్టడబ్బాలోంచి తీసి అందరికీ చూపించి, మళ్ళీ డబ్బాలో పెట్టి గూట్లో భద్రం చేశాడు. మర్నాడు మిస్త్రీ వచ్చాడు. ఖాకీ నిక్కరు, భుజాన తీగల చుట్ట, నోట్లో మొలలు. గోడకు ముందు చెక్కపట్టీ కొట్టి, దానిమీద తీగ పరచాలి. మిస్త్రీ మొల పెట్టి సుత్తె వేశాడు. మొల వంగింది. ఇంకోటి పెట్టాడు. అది ఎగిరి వీధిలో పడింది. మూడోది పెడితే అతని బొటనవేలు నలిగింది.

"పటేల్ సాబ్, గిది గోడనా, కిల్లానా? నా మొలలన్ని పరేషాన్ అయినయ్" అన్నాడు వేలు చప్పరిస్తూ.

ఇన్నేళ్ళుగా తాత చరిచి చూపించిన గోడ అది. మెచ్చుకున్నందుకు సంతోషపడాలో, పని ఆగినందుకు కోపపడాలో ఆయనకు తెలియలేదు. "రేపు బండలు కొట్టేటాయన్ని పిలిపిస్త. ఉలితోని తొలిపిద్దాం" అన్నాడు. మిస్త్రీ మూట కట్టుకుని పోయాడు.

ఒక్క రోజు దొరికింది. ఆ సాయంత్రం అమ్మ చెయ్యి నా భుజంమీద ఉండగా నాకు ఒక ఆలోచన వచ్చింది. ఆలోచన అనడం ఎక్కువ, దొంగబుద్ధి అనాలి. బుగ్గే లేకపోతే అరుగుమీద ఏం పెడతారు? అందరూ అన్నాలు తింటుండగా గూట్లోంచి అట్టడబ్బా తీసి, అర్రలో ఉన్న కందుల గుమ్మిలో మోచేతిదాకా లోపలికి దూర్చాను. ఆ తర్వాత ఏం చెయ్యాలో ఆలోచించలేదు. ఎనిమిదేళ్ళ దొంగలు అంతకన్నా ముందుకు ఆలోచించరు.

పొద్దున్నే బండలు కొట్టేటాయన ఉలి, సుత్తె పట్టుకుని వచ్చాడు. మిస్త్రీ వచ్చాడు. తాత గూట్లో చెయ్యి పెట్టాడు, డబ్బా లేదు. ఇల్లంతా వెతికారు. చిన్నాయిన మంచం కింద, నాయిన బస్తాల వెనక, తమ్ముడి ఉయ్యాలలో కూడా. తర్వాత తాత చూపు మెల్లగా మిస్త్రీ మూటమీద ఆగింది. మిస్త్రీ ముఖం నల్లబడింది. మూట విప్పి, ఒక్కొక్కటే తీసి అరుగుమీద పెట్టాడు.

"చూసుకోండ్రి సాబ్. గా బుగ్గ తీస్కపోయి నేనేం చేస్కుంట? మా ఇంట్ల తీగనే లేదు" అన్నాడు.

ఊళ్ళో అందరి ఇళ్ళకూ కరెంటు పెట్టేవాడి ఇంట్లో కరెంటు లేదు. నిజం చెబితే ఎందుకు దాచావని అడుగుతారు. ఎందుకో చెబితే అమ్మ పెట్టె బండి ఎక్కుతుంది. చెప్పకపోతే ఈయన దొంగ అవుతాడు. దర్వాజ పట్టుకుని నిలబడిపోయాను.

"చాట పట్టుకరావే, పప్పుకు కందులు తియ్యాలె" అని లోపల్నుంచి నాయినమ్మ పిలిచింది.

గుమ్మి దగ్గర చేట పట్టుకుని నిలబడ్డాను. నాయినమ్మ వంగి రెండు దోసిళ్ళు తీసింది. మూడో దోసిలిలో అట్టడబ్బా వచ్చింది. దాన్ని చూసింది, నన్ను చూసింది.

"ఇదేందే?"

నాకు ఏడుపు వచ్చేసింది. "వంటింట్ల పెడ్తనంటెనే తియ్యి."

"వంటింట్ల ఏమున్నదే?"

"అమ్మ ఉన్నది."

అంతకుమించి ఒక్క మాట అనలేదు. ఒట్టు తప్పలేదని ఇప్పటికీ నా వాదన. నాయినమ్మ గుమ్మి మూసింది. "ముక్కు తుడుసుకో" అంది. డబ్బాను కొంగులో చుట్టుకుని అరుగుమీదికి నడిచింది. నేను వెనకాలే పోయాను.

"బుగ్గ నా తాన్నే ఉన్నది. నేనే దాచిన" అంది అందరి ముందు. మిస్త్రీ వైపు తిరిగి, "మనసుల పెట్టుకోకు కొడుకా. కూసో, రొట్టె తిను" అంది.

తాత నోరు తెరిచేలోపే బండలు కొట్టేటాయన గోడకు ఆనించిన ఉలిని చూపించింది. "ఇంట్ల కోడలు నీళ్ళోసుకొని ఉన్నది. కడుపుతోని ఉన్న మనిషి ఇంట్ల గోడకు ఉలి పెడతరా? నీకు తెల్వదా?"

తాత తడబడ్డాడు. అది నిజమే. అలాంటి ఇంట్లో గోడలు తొలవరు, తవ్వకాలు చెయ్యరు. అందరికీ తెలిసిన పద్ధతే. బుగ్గ సంబరంలో ఎవరికీ గుర్తు రాలేదు. బండలు కొట్టేటాయన అప్పటికే ఉలి కిందికి దించేశాడు. "అవ్వ అన్నది ఖరే. మేం గూడ గసొంటి ఇంటి గోడ ముట్టం" అన్నాడు.

"మరి బుగ్గ?" అన్నాడు తాత. ఆ గొంతు చంటిపిల్లాడిది.

"వంటిల్లు మట్టిగోడనే గద. గా గోడకు చాటకొక మొల, జల్లెడకొక మొల నేను దినాం కొడ్తనే ఉన్న. దానికేం పట్టింపు లేదు. పొయ్యి తాన పెట్టుమను."

"నీకు బుగ్గనే వద్దంటివి గద?"

"ఇప్పుడు కావాలంటున్న."

మట్టిగోడలోకి మొలలు వెన్నలోకి దిగినట్టు దిగాయి. అరుగుమీద పైన దూలం ఉంది, దానికి కట్టి వేలాడదీయవచ్చు. ఆ సంగతి ఆ రోజు ఎవరికీ తట్టలేదు. మిస్త్రీకి తట్టే ఉంటుందని నా అనుమానం. రొట్టె తింటూ నాయినమ్మ ముఖం చూసి ఊరుకుని ఉంటాడు.

కరెంటు పొద్దుగూకే వేళకే వచ్చేది. ఆ సాయంత్రం ఇల్లంతా వంటింట్లోనే ఉంది. తాత నల్లటి బొత్తాన్ని కిందికి నొక్కాడు. మసిపట్టిన గోడలు, దూలాలకు వేలాడే బూజు, ఉట్టిమీద పెరుగుముంత, అన్నీ ఒక్కసారిగా కనిపించాయి. చిన్నాయిన చప్పట్లు కొట్టాడు. తమ్ముడు ఏడ్చాడు. నా భుజంమీద ఉన్న చెయ్యి మెల్లగా లేచింది. అమ్మ చెంబు తీసుకుని, మా అందరి మధ్యనుంచి నడిచి, గోలెంలో నీళ్ళు ముంచుకుని, చుక్క ఒలకకుండా తిరిగి వచ్చింది. కళ్ళు తుడుచుకుంటూ "పొగ" అంది. అప్పటికి పొయ్యి ముట్టించలేదు. కాసేపటికి, "ఏందే గా బూజు? దులపమంటె దులపలేదా?" అని నన్నే కసిరింది. సంతోషంగానే ఉంది కానీ, కాస్త చిన్నబోయాను కూడా. అన్నాలప్పుడు నాతో పని లేకుండా పోయింది. నెయ్యి కూడా తమ్ముడితో సమానమైంది.

తాత పదిరోజులు అలిగి, తర్వాత వచ్చినవాళ్ళను నేరుగా వంటింట్లోకి తీసుకుపోవడం మొదలుపెట్టాడు. రెండేళ్ళకు ఆ దూలం సంగతి ఎవరికో తట్టి అరుగుమీద ఇంకో బుగ్గ వచ్చింది. "ఇగ చాలు" అన్నాడు తాత. తర్వాత రేడియో వచ్చింది. బాయికి మోటారు వచ్చింది. చిన్నాయిన పెళ్ళికి గాలిపంకా వచ్చింది. పిండిగిర్నీ కరెంటుది అయింది, బండలు నున్నగా చేసే మిషన్లు వచ్చి ఊరంతా పగలూ రాత్రీ గురగురలాడింది. ఒక్కొక్కటి వచ్చినప్పుడల్లా తాత "ఇగ చాలు" అనేవాడు. లోకం కూడా ప్రతిసారీ అదే అనుకుంటూ ఇక్కడిదాకా వచ్చిందనుకుంటాను. పంతులు మాట అక్షరాలా నిజమైంది. నాకు అందులో దిగులేమీ లేదు. రాత్రిపూట మంచినీళ్ళకు లేస్తే మీట నొక్కుతాను, దారి కనబడుతుంది. ఈ వయసులో అది చిన్న సుఖం కాదు.

కానీ కరెంటు అనగానే నాకు గుర్తొచ్చేది ఇవేవీ కావు, ఆ ఎండాకాలంలో ఒక సాయంత్రం. అమ్మ పురిటికి పుట్టింటికి పోయింది. నేను నాయినమ్మ దగ్గర ఉన్నాను. వంటింట్లో బుగ్గ వెలుగుతోంది. నాయినమ్మ పొయ్యి ముందు కూర్చుని జొన్నరొట్టెలు చరుస్తోంది. పెనంమీద రొట్టె కాలుతున్న వాసన. చెల్లెలు పుట్టిందని, తల్లీబిడ్డా క్షేమమని అప్పుడే కబురు వచ్చింది.

"ఇగ నీ తల్లికి కండ్లు మంచిగైతయ్ తియ్యి" అంది నాయినమ్మ, పిండిముద్దమీదనుంచి చూపు తియ్యకుండా.

"నీకెట్ల తెలుసు?"

"తాత పక్కన పప్పు పోసిన నాడే తెలిసింది."

"మరి ఎవ్వరికీ ఎందుకు చెప్పలే?"

రొట్టెను పెనంమీద వేసి, తడి చేత్తో అద్దింది. "మా అత్త ఎసొంటిదో నీకు తెల్వదు బిడ్డా. తెలిస్తె నన్ను గా దినమే బండెక్కిచ్చేది. నీ నాయిన కడుపుల ఉన్నప్పుడు, నీ మేనత్తప్పుడు, నీ చిన్నాయినప్పుడు, మూడుసార్లు నాకు పొద్దుగూకితె ఏం కనబడకపోయేది. ఇదే వంటిల్లు."

నేను దగ్గరికి జరిగాను. "నీ చెయ్యి ఎవరు పట్టుకున్నరు?"

"ఎవరున్నరు? నీ అసొంటి బిడ్డ లేకపాయె. గోడ పట్టుకున్న."

పిండి అంటిన వేలితో చూపించింది. పొయ్యి పక్కనుంచి మొదలై, నడుమెత్తున, మట్టిగోడలో సన్నటి లోతు. ఏటా అలికి సున్నం వేసినా అది పూర్తిగా పూడలేదు. బుడ్డి వెలుగులో ఎన్నడూ నా కంటపడలేదు. పైనుంచి బుగ్గ వెలుగు పడుతుంటే నీడగా, స్పష్టంగా తెలుస్తోంది. లేచి వెళ్ళి చెయ్యి పెట్టాను. నున్నగా ఉంది. నా అరచెయ్యి అందులో సరిపోయింది. కళ్ళు గట్టిగా మూసుకుని, ఆ లోతు వెంట నడిచాను. అది ఎక్కడ అయిపోయిందో అక్కడ చల్లగా గోలెం అంచు తగిలింది.

"తొమ్మిది అడుగులు" అన్నాను కళ్ళు తెరవకుండానే.

"నాకు ఆరు" అంది నాయినమ్మ రొట్టె తిరగేస్తూ.